మీగడ రంగు గులాబీ ఎవరిది?

మార్కాపురంలో మా పెరట్లో ఒక అంటు గులాబీ ఉంది. 'పీస్' అనే హైబ్రిడ్ టీ రకం. మీగడలో కాస్త పసుపు కలిపినట్టుండే రేకులు, అంచున లేత ఎరుపు. ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మెయ్యాన్ దీన్ని సృష్టించి తన తల్లి పేరు పెట్టాడు: 'మదాం ఆ. మెయ్యాన్'. ఆ పొడి అక్షరం ఆమె భర్త ఆంత్వాన్‌ది. ఆమె సొంత పేరు క్లాడియా. 1945లో అమెరికాలో ఆ మిగిలిన పేరూ పోయి 'పీస్' అయింది.

స్త్రీల పేర్లు ఎలా చెరిగిపోతాయో రాసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. ఈ కథ స్నేహితులకు ఎన్నిసార్లు చెప్పానో!

మొన్న ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి బిందెలు మోసింది మా ఇంట్లో పనిచేసే ఆమె. అందులో రోజూ అర బిందె గులాబీకి. ఒకరోజు "తల్లో పెట్టుకుంటా, ఒక పువ్వియ్యమ్మా" అంది. "చెట్టున ఉంటేనే అందం" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతంలో, తాగే నీళ్లే కొనుక్కునే చోట, పూలమొక్క పెంచడం తప్పా అని చాన్నాళ్లు మథనపడ్డాను. ఇప్పుడనిపిస్తోంది, ఆ ప్రశ్న నాకు సుఖమైనదని. అందులో దప్పిక ఆమెది, అందం నాది. ఆమెకూ పువ్వు మీద మనసుంటుందన్న ఊహకే అక్కడ చోటు లేదు.

మర్నాడు రెండు పూలు కోసిచ్చాను. ఒకటే తీసుకుంది. నా మనసు తేలికపడలేదు. ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఇంకా నా చేతిలోనే ఉంది కదా.