ఆత్మవరములును ప్రేమయు

ఈశ్వరుడు మనుష్యులకు పలువిధములైన శక్తుల ననుగ్రహించియున్నాడు. ఒకనికి పాండిత్యము, ఒకనికి వాక్చాతుర్యము, వేరొకనికి కార్యదక్షత. ఇట్టి శక్తి యున్నంతమాత్రమున నాతడు భగవంతునికి దగ్గరివాడయ్యెనని యెంచవచ్చునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. క్రైస్తవమతపు తొలిదినములలోనే కొరింథు పట్టణమున నిది వివాదమై బయలుదేరెను. దానికి పౌలు చెప్పిన సమాధానము ఏ మతమువారికైనను విచారింపదగినదని మేము తలచుచున్నాము.

కొరింథు గ్రీసుదేశమునందు రెండు రేవులు గల వర్తకపట్టణము. రోమనులు దానిని క్రీ.పూ. 146లో నేలమట్టము చేసిరి, క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు మరల నెలకొల్పించెను. నానాదేశములనుండి వచ్చినవారితో నిండిన యా పట్టణమున ధనమునకును వక్తృత్వమునకును గౌరవము మెండు. పౌలు అచ్చట ఏడాదిన్నర బోధించి యొక సమాజమును స్థాపించెను. ఆయన వెడలిపోయిన పిమ్మట దానిలో కక్షలు పుట్టెను. ప్రభుభోజనమునకు కూడినపుడు కలవారు ముందుగా తిని త్రాగి మత్తిల్లుచుండగా లేనివారు ఆకలితో నుండిరి. ప్రార్థనసభలో ఎవరికిని తెలియని భాషలు పలుకువారు తమయందే పరమాత్మ యావేశించెనని గర్వించిరి. ఈ సంగతులు విని పౌలు ఎఫెసునుండి వారికి లేఖ వ్రాసెను.

ఆయన వరములను నిరాకరింపలేదు. జ్ఞానవాక్కు, స్వస్థపరచుట, ప్రవచనము, భాషలు మొదలగు తొమ్మిదింటిని పేర్కొని, అన్నియు నొకే యాత్మవలన కలిగినవనెను. వరమునకు ఆయన వాడిన గ్రీకుపదము కృప యను నర్థముగల పదమునుండి పుట్టినది. కృపవలన ఊరక లభించినదానికి గర్వమేల? కన్ను చేతిని త్రోసిపుచ్చజాలనట్లే ఒక వరము గలవాడు వేరొకనిని త్రోసిపుచ్చజాలడు. ఆ పిమ్మటనే ప్రేమను గూర్చిన ప్రసిద్ధమైన పదుమూడవ యధ్యాయము వచ్చుచున్నది. దానిని పెండ్లిసభలలో విడిగా చదువుట వాడుకయైనది గాని, అది కలహించుచున్న సమాజమునకు వ్రాసిన మందలింపని మరువరాదు. ప్రేమ పదియవ వరము కాదు. వరములన్నియు నడువవలసిన త్రోవ.

భాషలును ప్రవచనమును మాత్రమే గాక, సమస్తజ్ఞానమును, విశ్వాసమును, తుదకు సర్వస్వదానమును సైతము ప్రేమ లేనిచో వ్యర్థమని ఆయన చెప్పెను. ఇచట నొక యాక్షేపము కలుగవచ్చును. ప్రేమలేక పెట్టిన యన్నమైనను ఆకలిగొన్నవాని కడుపు నింపదా? నింపును. పౌలు దానిని కాదనలేదు. అట్టి దానమువలన దాతకు లాభము లేదనియే ఆయన మాట. పుచ్చుకొన్నవానికి లేదని కాదు. కావున మనస్సు కుదురువరకు దానము మానుదమనుట సోమరుల వాదము. అయినను, అన్నముతోపాటు అవమానమును మ్రింగవలసివచ్చిన పేదకు ప్రేమ గల దానమునకును లేని దానమునకును గల భేదము చక్కగా తెలియును.

మరి ప్రేమ హృదయభావమే యైనచో దానిని అలవరచుకొనుట యెట్లు? మూలభాషలో ప్రేమలక్షణములను ఆయన విశేషణములతో గాక క్రియాపదములతో చెప్పెను. ఓర్చుకొనుట, దయచూపుట, అసూయపడకుండుట, ఉబ్బిపోకుండుట, ఇవన్నియు నడవడిలో కనబడవలసినవి. కొరింథువారియందు కనబడనివియు నివియే. ప్రేమ చేయుచు నేర్చుకొనవలసిన విద్య.

1820లో రామమోహనరాయలవారు యేసు బోధలను గ్రంథముగా ప్రకటించినపుడు అద్భుతకథలను విడిచి నీతిబోధలనే యేర్చికూర్చిరి. ఆ మార్గమున పెరిగిన మనకు భాషలవరమును చూచి నవ్వుట సులభము. కాని మన వరములు వేరు: ఉపన్యాసము, పత్రికారచన, సంస్కారోత్సాహము. వీనితో మనము ఉబ్బుటలేదా?

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. వారి వాదశక్తి లోకవిదితము. అయితే వెలికి జడిసి వంటవారును నీళ్లవారును రాక మానగా, వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసితెచ్చి వంట చేసిరి. శాస్త్రవాదము ఆ వివాహము ధర్మ్యమని నిరూపించెను. ఆ నీళ్లబిందె దానిని సాగించెను. రెండును వలసినవే. కాని బిందె మోయుటకు వెనుదీయువాని వాదము ఎంత గొప్పదైనను చప్పుడు మాత్రమే.

కావున, సోదరులారా, సభ ముగిసి యింటికి పోవునపుడు మనలో ప్రతివాడును తన్ను ప్రశ్నించుకొనవలెను: నేడు నా మాటకు మెప్పు వచ్చినదా, లేక ఎవని భారమైనను తగ్గినదా? సర్వవరప్రదాతయగు పరమేశ్వరుడు మనకు గొప్ప శక్తుల నిచ్చినను ఇయ్యకున్నను, తోడివాని భారమును మోయగల హృదయము నిచ్చుగాక.