కొలతకు అందని ధర్మం

నిబంధనను అక్షరం పొల్లుపోకుండా పాటించినవాడు ధర్మాన్ని కూడా పాటించినట్టేనా? ఈ ప్రశ్నను పరీక్షించడానికి ఫార్ములా వన్ పందేలు మంచి చోటు. కొత్త టైర్లు, కొత్త సాంకేతిక నిబంధనలు వచ్చిన ప్రతిసారీ ఇంజినీర్లు ముందు వెతికేది వాటిలోని సందునే. 1981లో కారు అడుగుకూ నేలకూ మధ్య 6 సెంటీమీటర్ల ఎడం ఉండాలని రూలు పెట్టారు. కారు నేలకు దగ్గరైనకొద్దీ మలుపుల్లో వేగం పెరుగుతుంది. ఆ వేగానికి కళ్లెం వేయడమే రూలు ఉద్దేశం. కానీ ఎడాన్ని కొలవగలిగేది కారు ఆగి ఉన్నప్పుడే. బ్రాభమ్ జట్టు డిజైనర్ గోర్డన్ ముర్రే, వేగం అందుకోగానే గాలి ఒత్తిడికి కుంగి, నెమ్మదించాక మళ్లీ లేచే సస్పెన్షన్ తయారుచేశాడు. కొలతలో తప్పు దొరకలేదు. ఆ ఏడాది ఛాంపియన్ ఆ జట్టు డ్రైవరు నెల్సన్ పికే.

భారతంలో ధర్మరాజు రథం నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచేదట. అశ్వత్థామ అనే ఏనుగు చావును ద్రోణుడికి అదే పేరున్న కొడుకు చావుగా వినిపించాక ఆ రథం నేలకు దిగింది. ఏనుగు సంగతి ధర్మరాజు చెప్పకపోలేదు, వినపడకుండా చెప్పాడు. ముర్రే కారు కూడా అంతే: తనిఖీకి ఒక ఎత్తు చూపించి, ట్రాక్ మీద మరో ఎత్తున పరిగెత్తింది.

అలాగైతే తెలివి చూపించడమే తప్పా అని అడగవచ్చు. కాదు. 2009లో బ్రాన్, టొయోటా, విలియమ్స్ జట్లు నిబంధనల్లోని ఖాళీని పట్టుకుని కారు వెనక అడుగున గాలిని మళ్లించే డిఫ్యూజర్‌ను రెండంతస్తులుగా పెట్టాయి. ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు, అప్పీలు కోర్టు చెల్లుతుందని తేల్చింది. తనిఖీలో కనబడిన భాగమే పందెంలోనూ పనిచేసింది. 1981 నాటి ఉపాయమూ అందరికీ తెలిసిందే, మిగతా జట్లూ అనుకరించాయి కదా అంటే, నిజమే. కానీ అందరూ కలిసి నటించినంత మాత్రాన నటన ధర్మం కాదు. రూలు మాత్రం వట్టిపోయింది. మరుసటి ఏడాదే దాన్ని ఎత్తేశారు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: సరిగా కొలవలేని రూలు రాసినవాడిదే తప్పు కదా? కొంతవరకు అవును. 2021లో బాకూ పందెంలో డ్రైవర్లు స్ట్రోల్, వెర్‌స్టాపెన్ కార్ల టైర్లు పెను వేగంలో దెబ్బతిన్నాయి. టైర్లలో గాలికి నిర్దేశించిన ప్రారంభ పీడనాన్ని జట్లు పాటించాయని, లోపం పరుగు పరిస్థితుల్లో ఉందని టైర్ల సంస్థ పిరెల్లీ తేల్చింది. ఎవరైనా మోసం చేశారని రుజువు కాలేదు. అధికారులు తనిఖీలను బిగించారు. కానీ తనిఖీ ఎంత బిగిసినా పరుగు మొత్తాన్నీ కొలవలేదు. ఆ కొలవని చోట డ్రైవరు ప్రాణానికి కాపలా కాసేది రూలు వెనకున్న ఉద్దేశమే. 2026 నిబంధనల్లో ముందు టైర్లు 25, వెనక టైర్లు 30 మిల్లీమీటర్లు సన్నబడ్డాయి. ఈ కొత్త రూళ్లలోనూ సందుల వేట మళ్లీ సాగుతుంది, సాగాలి కూడా. పోటీదారు నుంచి ఉపాయాన్ని దాచడం ఆటలో భాగం. కొలిచేవాడి ముందు వేషం మార్చితే తప్ప పనిచేయని ఉపాయం మాత్రం, నెగ్గినా, అధర్మమే.