తీగ లేని వాద్యానికి కర్త ఎవరు?

ట్యాబ్‌ను కంప్యూటర్ సంగీతానికి రిమోట్‌గా వాడేటప్పుడు ట్యాబ్‌లో పాట ఉండదు. స్వరాలు కంప్యూటర్‌లో తయారవుతాయి, ధ్వని స్పీకర్‌లో పుడుతుంది. ట్యాబ్ నుంచి గాలిలో వెళ్లేవి అంకెలు మాత్రమే. ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపు అన్నంతవరకే వాటి పని. వాద్యాలకూ కంప్యూటర్లకూ మధ్య ఈ అంకెల భాష 1983లో మిడి అన్న పేరుతో స్థిరపడింది. 1997లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఓపెన్ సౌండ్ కంట్రోల్ అనే మరో భాష వచ్చింది. 2010లో ఐప్యాడ్ వచ్చాక ఈ రెండూ మామూలు మనుషుల ఒళ్లోకి చేరాయి. వేలు తాకేది గాజు పలకను, మోగేది గదికి అవతలి వైపు. మరి వాయించింది ఎవరు? భారతీయ తత్త్వశాస్త్రం ‘కర్త ఎవరు’ అని చాలాకాలంగా తర్కిస్తున్నది ఈ చిక్కునే.

కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉంది. పదో తరగతి పాసైన పల్లె పిల్లలు అక్కడ ఆరేళ్లు చదువుకుంటారు. ఇలాంటి చోట ఈ ట్యాబ్ ప్రయోగానికి కావలసిన సరంజామా హాస్టల్ గదిలోనే దొరుకుతుంది: ఒక ల్యాప్‌టాప్, ఒక స్పీకర్, ఒక ట్యాబ్, ఫోన్ హాట్‌స్పాట్. చాలా విద్యాసంస్థల వైఫై ఒక పరికరాన్ని ఇంకోదానితో నేరుగా మాట్లాడనివ్వదు కాబట్టి హాట్‌స్పాటే మేలు. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసును, పోర్టు నంబరును ట్యాబ్‌లోని యాప్‌లో కొడితే రెండూ కలుస్తాయి. వినాయక చవితి పందిట్లో భజన జరుగుతున్నదనుకుందాం. వెనక వరసలో కూర్చున్న విద్యార్థి ట్యాబ్ మీది గీతను వేలితో పైకి జరుపుతాడు. ముందున్న స్పీకర్‌లో తంబురా శ్రుతి నెమ్మదిగా లేస్తుంది. పక్కనున్నవాళ్లకు అతను ఏం చేస్తున్నాడో తెలియదు, ఫోన్ చూసుకుంటున్నాడని కూడా అనుకోవచ్చు.

తెలుగు భాష ఈ చిక్కును ఎప్పుడో గమనించింది. వీణ పలుకుతుంది, మనిషి పలికిస్తాడు. గంట మోగుతుంది, పూజారి మోగిస్తాడు. ధ్వని విషయానికొస్తే వాద్యమే కర్త, మనిషి ప్రేరేపించేవాడు. సంస్కృత వ్యాకరణంలో పాణిని కూడా ఇదే దారిలో రెండు సూత్రాలు పక్కపక్కనే పెట్టాడు. క్రియలో స్వతంత్రంగా నిలిచేది కర్త. ఆ కర్తను పురికొల్పేవాడికి హేతువు అనే పేరుతో పాటు కర్త అనే పేరూ చెల్లుతుంది. అంటే వ్యాకరణం ప్రకారం ఒకే పనికి ఒకరి వెనక ఒకరుగా ఇద్దరు కర్తలు ఉండవచ్చు. వేలికీ ధ్వనికీ మధ్య తీగ ఉందా లేదా అన్నది వ్యాకరణం అడగనే అడగదు.

వీణ విషయంలో వేలు తీగను తాకుతుంది కాబట్టి అక్కడ కర్తృత్వం సూటిగా ఉందని, ట్యాబ్ దాన్ని పోగొట్టిందని ఒక వాదన ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరం చదివితే ఈ వాదన నిలవదు. గొంతులో నాదం ఎలా పుడుతుందో అతను ఒక వరసగా చెప్పాడు. పలకాలనుకున్న ఆత్మ మనసును కదిలిస్తుంది. మనసు దేహంలోని అగ్నిని తట్టుతుంది. అగ్ని వాయువును తోస్తుంది. ఆ వాయువు పైకి లేస్తూ నాభి, హృదయం, కంఠం, శిరస్సు, నోరు అనే చోట్ల ధ్వనిగా బయటపడుతుంది. ఈ వరసలో ఆత్మ దగ్గర గానీ మనసు దగ్గర గానీ ధ్వని లేదు. ఉన్నది కబురు మాత్రమే, ఒకటి ఇంకోదానికి అందిస్తూ పోతుంది. ఇలా చూస్తే సొంత గొంతుతో పాడేవాడు కూడా రిమోట్ మీదే పాడుతున్నాడు. ట్యాబ్ చేసిందల్లా ఆ వరసలో కొన్ని మజిలీలను ఒంటి బయటికి తీసి బల్ల మీద పెట్టడం.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు లెక్కపెడుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, చివరిది దైవం. తానొక్కడే చేశాననుకునేవాడు సరిగా చూడడం లేదని కూడా అంటుంది. ట్యాబ్ వాడేవాళ్లకు ఈ ఐదోది బాగా పరిచయం. ఓపెన్ సౌండ్ కంట్రోల్ సందేశాలు సాధారణంగా యూడీపీ అనే పద్ధతిలో పోతాయి. ఇందులో పంపడమే ఉంటుంది, చేరిందన్న రసీదు ఉండదు. ‘మొదలు’ చేరి ‘ఆపు’ దారిలో పోతే స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. వేలు ఎప్పుడో లేచిపోయింది, ట్యాబ్ మీద ఏమీ వెలగడం లేదు, పందిరి మాత్రం హోరెత్తుతోంది. అన్ని స్వరాలనూ ఒక్కసారిగా ఆపేందుకు చాలా యాప్‌లలో వేరే బటన్ ఉండడానికి కారణం ఇదే.

చేసిన పని ముగిశాక ఫలం ఎలా వస్తుందన్నది వేదకర్మలను విచారించే మీమాంసకుల ప్రధాన సమస్య. యజ్ఞం నేడు ముగుస్తుంది, స్వర్గం ఎప్పుడో. మధ్యలో ఆ పనిని మోసేది ఏమిటి? అపూర్వం అనే కనిపించని శక్తి అని వారు జవాబిచ్చారు. ఫలమిచ్చేది ధర్మమేనని జైమిని అంటే, ఈశ్వరుడేనని బాదరాయణుడు బ్రహ్మసూత్రాల్లో అన్నాడు. ఇరుక్కుపోయిన స్వరంలో ఆ అపూర్వానికి చిన్నపాటి నమూనా ఒకటి కనిపిస్తుంది: చేసినవాడు చెయ్యి తీసినా పని ఆగలేదు. పోలికను ఇంతకంటే లాగకూడదు. వైఫై దేవుణ్ణి రుజువు చేయదు, కొట్టేయనూ లేదు.

మీమాంస ఇంకో మాట కూడా తేల్చింది, అది ఈ సమస్యకు మరింత దగ్గరది. యజ్ఞంలో ఆహుతులు వేసేది, మంత్రాలు చదివేది ఋత్విక్కులు. ఫలం మాత్రం యజమానిది, ఎందుకంటే సంకల్పించి, దక్షిణ ఇచ్చి, వారిని పనిలో పెట్టింది అతను. గుళ్లలో హారతి వేళ మోటారుతో మోగే నగారా, గంటల యంత్రాన్ని ఈ లెక్కన చూడవచ్చు. యంత్రానికి సంకల్పం లేదు, స్విచ్ వేసినవారికి ఉండవచ్చు, లేకపోవచ్చు. తొందరలో స్విచ్ వేసి చెప్పుల దగ్గరికి నడిచినవాడు శబ్దం చేయించాడే గానీ సేవ చేశాడనడం కష్టం.

సంకల్పం ఒక్కటే సరిపోతుందా అంటే సంగీతంలో సరిపోదు, చెవి కూడా కావాలి. కడప సీమలోని తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుల (1408–1503) కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద మిగిలాయి. రేకు మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటికి మళ్లీ స్వరాలు కట్టారు. రేకు కూడా ఒక రకంగా కబురే. నాలుగు శతాబ్దాలు ఆలస్యంగా చేరింది, అందుకున్నవారు చెవితో పూరించుకున్నారు.

ట్యాబ్ అంకెలకూ ఆ పూరింపు కావాలి. మిడిలో మామూలు మీటకు 0 నుంచి 127 వరకు 128 మెట్లే ఉంటాయి. తోడి రాగంలో గాంధారం ఊగే తీరుకు ఆ మెట్లు మోటు. స్వరాన్ని వంచే సందేశానికి మాత్రం 16,384 మెట్లు ఉన్నాయి. అన్ని మెట్లున్నా గాజు మీద వేలికి తీగ బిగువు తెలియదు, ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి. ఆలస్యమూ అంతే. గాలిలో ధ్వని 10 మిల్లీసెకండ్లలో సుమారు మూడున్నర మీటర్లు వెళుతుంది. భజనలో వెనక వరసవాళ్లు తాళాన్ని ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వింటారు, దాన్ని చెవి సర్దుకుంటుంది. వైఫై ఆలస్యం నిలకడగా ఉంటే దాన్నీ సర్దుకుంటుంది, క్షణానికో తీరుగా ఉంటే చేతులెత్తేస్తుంది.

రాయలసీమ తోలుబొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనక ఉంటాడు, అయినా బొమ్మ కదలికను చూస్తూ, దానికి తానే గొంతు అరువిస్తాడు. అతన్ని సూత్రధారి అనడానికి పుల్ల చేతిలో ఉండడం ఒక్కటే ఆధారం కాదు. భజనలోని ఆ విద్యార్థినే ట్యాబ్‌తో సహా పందిరి వినపడని గదికి పంపితే అంకెలు అలాగే వెళతాయి, స్పీకర్ అలాగే మోగుతుంది. కానీ అతను వాయించడం లేదు, మీటలు జరుపుతున్నాడు. కర్తృత్వం ఉండేది వేలు తాకిన చోట కాదు, చెవి విని వేలిని దిద్దే చోట. కాబట్టి భజనలో ట్యాబ్ పట్టుకున్నవారు స్పీకర్ వినపడే చోటే కూర్చోవాలి.