ఉగాది నాడు భక్తుడు చూడవలసిన ఆదాయ వ్యయములు



చైత్ర శుద్ధ పాడ్యమి నాడు కోనసీమ గ్రామములలో వేపపువ్వు పచ్చడి ఆరగించిన పిమ్మట జనులు పంచాంగ శ్రవణమునకు కూడుదురు. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని ఎవరి రాశిఫలమును వారు శ్రద్ధగా విందురు. ఆదాయము పదునాలుగు, వ్యయము రెండు అని వినిన గృహస్థుని ముఖము వికసించును. అంకెలు తారుమారైనవాని ముఖము వాడిపోవును. వానల తీరును, పైరుల తీరును తెలిసికొనగోరుట దోషము కాదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల రైతు బ్రతుకంతయు కాలువ నీటిమీదను, కొబ్బరితోట మీదను ఆధారపడియున్నది. అయినను ఇష్టలింగమును ధరించిన భక్తుడు ఆ అంకెలకు పొంగుటయో, క్రుంగుటయో తగునా అన్నది ఆలోచింపదగిన విషయము.

12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడును, ఆయనతో కూడిన శరణులును దినములలో మంచి చెడులను ఎంచుటను అంగీకరింపలేదు. శివుని తలచి సత్కార్యమునకు పూనుకొనిన దినమే వారికి శుభదినము. ఈ మాట వినుటకు సులభము; ఆపద వచ్చినపుడు నిలుపుకొనుట కష్టము.

ధాత నామ సంవత్సరమున, దీపావళికి కొలది దినములు ముందుగా, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై పెనుతుపాను విరుచుకుపడెను. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. సముద్రము మీదికి వేటకు పోయిన మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకొరగెను. ఆ రాత్రి గాలి ఎవరి రాశిని అడుగలేదు. ఆదాయము అధికముగా గలవాని తోటయు, వ్యయము అధికముగా గలవాని తోటయు ప్రక్కప్రక్కనే పడియుండెను.

శివుడు ఆ రాత్రి ఎక్కడ నుండెనని బిడ్డను పోగొట్టుకొనిన తల్లి అడిగినచో ఏమి చెప్పవలెను? నీ కర్మమని చెప్పుట క్రూరము. గ్రహచారమని చెప్పుట తప్పించుకొనుట. ఆ తల్లి యెదుట పండితుడు మౌనము వహించి, ముందు అన్నము వండి పెట్టుటయే ధర్మము. దాసోహమనగా అదియే. విశ్వాసము వాదములో నెగ్గుటకు పుట్టినది కాదు. ఎదుటివాని ఆకలిని తన ఆకలిగా ఎరుగుటకు పుట్టినది.

తరువాతి ఉగాది 1997 ఏప్రిల్‌లో వచ్చెను. ఆ సంవత్సరము పేరు ఈశ్వర. చెట్లు పడిన చోట మరల మొక్కలు నాటవలసిన కాలమది. దేశవాళీ కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. అరువది సంవత్సరముల చక్రము తిరిగి ఈశ్వర నామము మరల 2057లో గాని రాదు. ఏబదియేండ్ల వయసున మొక్క నాటినవాడు దాని పూర్తి ఫలమును తాను అనుభవింతునని నాటడు. మనుమల కొరకు నాటును. దారిని పోవు దాహార్తుని కొరకు నాటును. పంచాంగము చేత పట్టుకొనినవానికంటె ఆనాడు పలుగు చేత పట్టుకొనినవాడే గొప్ప విశ్వాసి. నేడు కోనసీమ మరల పచ్చగా నున్నదన్నచో అది అట్టి చేతుల చలువయే.

కోనసీమలో కొబ్బరిపీచు తీసి తాళ్ళు పేనువారికి నులియ చందయ్య కథ మిక్కిలి దగ్గరిది. ఆ శరణుడు గడ్డి కోసి, త్రాళ్ళు పేని, అమ్మి, వచ్చినదానితో జంగమ దాసోహము నడపుచుండెను. ఒకనాడు గడ్డి కోయుచుండగా మెడలోని లింగము జారి నీటిలో పడెను. చందయ్య పని విడువక సాగిపోగా లింగమే ఆయన వెంటబడి వచ్చెననియు, మడివాళ మాచయ్య వారిరువురికిని సంధి చేసెననియు శరణుల కథ. దీనిని లింగ తిరస్కారముగా గ్రహింపరాదు. నిజాయితీతో చేసిన కాయకమును విడిచి శివుడు ఉండలేడని దీని భావము.

కాయకమునకు సంపాదన యెంత చాలునో ఆయ్దక్కి లక్కమ్మ నేర్పినది. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఎక్కువైనదానిని తిరిగి అక్కడనే పోసి రమ్మని ఆ ఇల్లాలు పంపినది. ఆదాయము అధికమైన సంవత్సరములో భక్తుడు వెరవవలసిన స్థలము ఇదియే. నష్టము వచ్చినపుడు శివుని తలచువారు పెక్కుమంది. లాభము వచ్చినపుడు చాలునని చెప్పగలవారు కొందరే.

ఉగాది నుండి వైశాఖ శుద్ధ తదియ నాటి బసవ జయంతి వరకు ఇంచుమించు ఒక నెల వ్యవధి గలదు. ఈ నెలలో ప్రతి కుటుంబమును తన లెక్కను తానే వ్రాసికొనవలెను. గడచిన యేట చెమటోడ్చి సంపాదించినదెంత, ఒకరి కష్టమును దోచినదెంత? ఆకలిగొన్నవానికి పెట్టినదెంత, ఆడంబరమునకు ఒలికించినదెంత? పనివానిని, పేదబంధువును గౌరవించినదెన్నిమారులు, అవమానించినదెన్నిమారులు? ఆదాయ వ్యయములు, రాజపూజ్యావమానములు భక్తునికి ఇవియే. ఈ అంకెలను ఏ గ్రహమును వ్రాయదు. అరచేతి లింగము నెదుట కూర్చుండి భక్తుడే వ్రాయును. తప్పుగా నున్నచో రాబోవు యేట అతడే దిద్దుకొనును.

క్రొత్త సంవత్సరము ఏమి తెచ్చునో ఎవ్వరును ఎరుగరు. దానికి ఏమి ఈయవలెనో మాత్రము ప్రతివాడును ఎరుగును.