ప్రసేనుణ్ణి చంపిందెవరు?

సెషన్సు కోర్టులో ముద్దాయిల తరఫున జీవితమంతా వాదించినవాణ్ణి. హత్య కేసు పార్టీలు ఆఫీసుకొచ్చి మెల్లగా చెవిలో వేసే మాట ఒకటుంది: "సార్, చచ్చిపోయినావిడ మరిదే చంపాడని ఒక సజెషన్ వేసెయ్యండి." వేయడానికి ఖర్చేం లేదు. క్రాస్‌లో అడుగుతాం, సాక్షి "నిజం కాదు" అంటాడు, స్టెనో టైపు చేసుకుంటాడు. సజెషన్ సాక్ష్యం కాదని మాకు తెలుసు, జడ్జిగారికీ తెలుసు. వరండాలో నిలబడ్డ ఊరివాళ్లకు తెలియదు. సాయంత్రం వాళ్లు బస్సు దిగేసరికి ఆ మరిది హంతకుడైపోతాడు. అతనికి సమన్లు లేవు, వకీలు లేడు, జవాబు చెప్పుకోవడానికి బోను కూడా లేదు.

ఉరికి ఎదురుగా నిలబడ్డవాడు ఇంకొకడి వైపు వేలు చూపడం పాపమా? వినాయక చవితినాడు అక్షింతలు చేత్తో పట్టుకుని ఏటా వినే శమంతకమణి కథలోనే నాకు సమాధానం దొరికింది. మణి ఇమ్మని కృష్ణుడు అడిగాడు, సత్రాజిత్తు ఇవ్వలేదు. ఆ మణి వేసుకుని వేటకెళ్లిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. ఇంకేముంది, కృష్ణుడే చంపాడన్నాడు సత్రాజిత్తు. అతని దగ్గరున్నదల్లా మోటివ్. అడుగుజాడ ఒక్కటీ లేదు.

కృష్ణుడు బదులుగా ఇంకో పేరు విసరలేదు. ఊరివాళ్లను వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. ప్రసేనుడి కళేబరం కనిపించింది, సింహం అడుగులు కనిపించాయి, ఆపైన చచ్చిపడిన సింహమూ కనిపించింది. నాలాంటి వకీలైతే అక్కడే ఆగేవాడు. చచ్చిన సింహాన్ని మించిన అనువైన ముద్దాయి ఎక్కడ దొరుకుతుంది, ఎదురు మాట్లాడదు కదా! మణి అక్కడ లేదు గనుక ఆయన భల్లూకం జాడ పట్టి జాంబవంతుడి గుహదాకా నడిచాడు.

జాడ ఉన్నప్పుడు నోరు నొక్కడమూ అధర్మమే. సౌత్ కరోలినాలో హోమ్స్ అనే ముద్దాయి మీద 86 ఏళ్ల వృద్ధురాలి హత్య కేసు నడిచింది. ఆ పొద్దున వేరొకడు ఆ చుట్టుపక్కలే తిరిగాడని, తానే చేశానని తర్వాత ఒప్పుకున్నాడని చెప్పే సాక్షులున్నారు. ప్రాసిక్యూషన్ ఫోరెన్సిక్ సాక్ష్యం అంత గట్టిగా ఉంటే వాళ్లను వినక్కర్లేదంది అక్కడి కోర్టు. 2006లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేసింది. ఒక పక్షం బలం మాత్రమే చూసి రెండో పక్షానికి బలం లేదని ఎలా తేలుస్తారని జస్టిస్ అలీటో తర్కం. ఊరికే అనుమానం రేపే సాక్ష్యాన్ని జడ్జి ఆపవచ్చన్న సూత్రాన్ని మాత్రం కదపలేదు. నాకు రెండూ సమ్మతమే.

జూనియర్లకు ఒక మాట. ముద్దాయి విడుదలకు సందేహం చాలు, అసలు హంతకుణ్ణి పట్టివ్వాల్సిన బాధ్యత అతనిది కాదు. పేరు చెప్పి తీరాలంటే సాక్షిని బోనెక్కించండి. లేదంటే ఆ పేరు డిపాజిషన్‌లోకి రానివ్వకండి.