తెలియక ఇచ్చిన డబ్బు, ఇచ్చినట్టేనా?



పాతబస్తీలో ఒక ఉపాసకుడు తన మిత్సుబిషి ఎవో అమ్ముతున్నాడనుకోండి. జపాన్ టర్బో బండి. ఆయిల్ టైముకు మార్చాడు, గీత పడనివ్వలేదు. కానీ ఈసీయూ రీమ్యాప్ చేయించి బూస్ట్ పెంచాడు, సైలెన్సర్ మార్చాడు. బూస్ట్ పెరిగితే టర్బోకి, పిస్టన్లకి, క్లచ్‌కి భారం పెరుగుతుంది. పాలిష్‌లో అది కనబడదు. కొనవచ్చిన పిలగాడు మెరుపు చూసి మురిసిపోయాడు, ఏమీ అడగలేదు. చెప్పాలా?

"అడగలేదు కదా, నేను అబద్ధమాడలేదు" అంటారు మీలో చాలామంది. సరే, నాలుగో శీలం నిలిచిందనే అనుకుందాం. మరి రెండోది? అదిన్నాదానా అంటే ఇవ్వనిది తీసుకోవడం. ఆ పిలగాడు తాను అనుకున్న ఇంజనుకు డబ్బిచ్చాడు. ఈ అలసిన ఇంజనుకు ఇవ్వలేదు. మిగిలిన ఆ పైసలు ఎవరు ఇచ్చినట్టు?

అంగుత్తర నికాయలో ఉపాసకుడికి తగని వ్యాపారాలు అయిదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. కార్లు లేవని సంబరపడకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండి మార్చొద్దంటుంది. రేపు చలానా, ప్రమాదమైతే బీమా పేచీ, అన్నీ ఆ పిలగాడి నెత్తినే.

చెబితే ధర తగ్గుతుంది, నిజమే. ధర ఎక్కువ అడగండి, తప్పులేదు. బేరం ఆట ఇద్దరికీ తెలుసు. ఇంజను లోపలి సంగతి ఒక్కరికే తెలుసు. ఫారం 29, 30 మీద సంతకానికి ముందే వర్క్‌షాప్ బిల్లులు, విప్పి దాచిన పాత సైలెన్సర్ అతని ముందు పెట్టండి. అప్పుడు బేరమాడనివ్వండి.