ఒక్క రాత్రిలో పెద్దవారగుట



గడచిన వేసవి సెలవులలో మా గండికోటలో తొమ్మిది, పది తరగతుల బిడ్డలను ఆదివారము సాయంకాలమున కూర్చుండబెట్టి, ఒక ఆంగ్ల నవలను తెలుగులో చెప్పుచు వచ్చితిని. మూడవ ఆదివారమున సంఘపెద్ద యొకరు వచ్చి, "అయ్యగారూ, బిడ్డలకు వాక్యము చెప్పక దయ్యాల కథలు చెప్తాండారంట, ఇది తగునా?" అని అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. మీలో మరికొందరికిని అదే సందేహము కలుగవచ్చును గనుక ఇందు వ్రాయుచున్నాను.

బైబిలు భయంకరమైన సంగతులను మనకు దాచలేదు. సౌలు మారువేషము వేసికొని రాత్రివేళ ఏన్దోరుకు పోయిన సంగతియు, సమాధులలో నివసించి తన్ను తాను గాయపరచుకొనిన మనుష్యుని సంగతియు అందున్నవి. వినోదము కొరకు నిద్ర చెడగొట్టు భయము వేరు. పాపము ఎంత తియ్యగా పిలుచునో, పిమ్మట ఎంత వెల అడుగునో చూపు భయము వేరు. మొదటిదానిని నేనును బిడ్డల చేతికియ్యను.

ఆ నవలను అమెరికా రచయిత రే బ్రాడ్‌బరీ 1962లో ప్రచురించెను. దాని పేరు "సమ్‌థింగ్ వికెడ్ దిస్ వే కమ్స్". ఏదో దుష్టత్వము ఇటు వచ్చుచున్నదని భావము; ఆ మాటలు షేక్స్పియరు రచించిన మాక్బెత్ నాటకములోనివి. విల్, జిమ్ అను ఇద్దరు బాలురు రెండు నిమిషముల తేడాతో పుట్టినవారు, పదునాలుగేండ్లు నిండబోవుచున్నవారు. అక్టోబరు మాసమున వారి చిన్న పట్టణమునకు ఒక వేడుకల గుంపు రాత్రివేళ రైలులో వచ్చి డేరాలు వేయును. అందులో ఒక రంగులరాట్నము కలదు. మన తిరునాళ్లలో తిరుగునట్టిదే. అయితే అది ముందుకు ఒక చుట్టు తిరిగిన ఎక్కినవానికి ఒక ఏడు పెరుగును, వెనుకకు తిరిగిన ఒక ఏడు తరుగును. త్వరగా పెద్దవాడు కావలెనని జిమ్ దాని వైపు లాగబడును. విల్ తండ్రి ఏబది నాలుగేండ్లవాడు, గ్రంథాలయమును ఊడ్చి తుడుచు పనివాడు. కుమారునితో పరుగెత్తలేని ముసలివాడనైతినని లోలోపల కృశించుచుండును. పడుచుదనము కోరిన ఒక ఉపాధ్యాయిని చిన్నపిల్లయై, తన్నెవరును గుర్తింపక చెట్టు క్రింద ఏడ్చును.

ఇంతవరకు చెప్పి, "మీరైతే ఎటు తిరుగునప్పుడు ఎక్కుదురు?" అని బిడ్డలనడిగితిని. అందరును నవ్విరి. పదవ తరగతి బాలుడొకడు మాత్రము నవ్వక, "నేను ముందుకే ఎక్కుతా అయ్యగారూ. ఇరవై ఏండ్లు వస్తే నాపరాళ్ల గనికి పోయి నాయన అప్పు కడతా" అనెను.

నేను సిద్ధము చేసికొనిన బోధ నా నోటనే నిలిచిపోయెను. తప్పిపోయిన కుమారుడు తన పాలు ముందుగా అడిగినది తన సుఖము కొరకు. ఈ బిడ్డ అడిగినది తండ్రి కొరకు. దీనిని దురాశ అని ఎట్లు గద్దింపగలను? నలుబది దాటిన నేనును మనసులో వెనుకకే ఎక్కితిని, మా అమ్మ బ్రదికియున్న దినములకు.

హిజ్కియా రాజునకు నీడ పది మెట్లు వెనుకకు మరలెను, పదునైదేండ్లు ఆయుష్షు కలిసెను. ఆ దినములలోనే బబులోను దూతలు రాగా ఆయన తన ధనాగారమంతయు చూపించుకొనెను. ఏండ్లు దొరికినంత మాత్రమున జ్ఞానము దొరకలేదు. రాట్నమెక్కినవానికిని దేహము మారునే గాని, ఆ ఏండ్లలో నేర్వవలసినది రాదు. యేసుప్రభువు సహితము ముప్పది ఏండ్ల వరకు నజరేతులో పని చేసికొనుచు, ఒక్కొక్క ఏడుగా ఎదిగెను. మన ఊరికి పేరు తెచ్చిన ఈ గండిని పెన్న యేరు ఒక్క వరదలో కోయలేదు గదా.

అయినను, ఈ మాట చెప్పి ఆ బాలుని ఇంటికి పంపివేసిన, నేను సగము పనియే చేసినవాడనగుదును. మరునాడు వాని తండ్రిని చూడబోతిని. కుమారుడు చెప్పిన మాట చెప్పగా ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అప్పు సంగతి వానికి తెలుసునా?" అని మాత్రమడిగెను. బిడ్డకు తెలియదని ఆయన అనుకొనుచుండగా, బిడ్డ రాత్రులు పండుకొని వడ్డీ లెక్కించుచుండెను.

నవలలో దుష్టత్వము నవ్వుచేత ఓడింపబడును. చచ్చినట్టు పడియున్న జిమ్ ప్రక్కన ఆ తండ్రి ఏడ్పు మాని, కుమారునితో కూడ పాడి గంతులు వేయగా వాడు బ్రదుకును. నవ్వొక్కటే చాలునని నేను అనను. మన సంతోషమునకు ఆధారము ప్రభువే. అయితే ముసలివాడనని చెప్పుకొని కూర్చున్న తండ్రి లేచి బిడ్డ చెంతకు వచ్చుట సత్యమైన సంగతి. అక్కడనే కథ మలుపు తిరిగినది.

ఆ వారమే సంఘపెద్ద, నేను, ఆ తండ్రి కలిసి కూర్చుండి, అప్పు ఎంత, వాయిదాలు ఎట్లు అని కాగితము మీద వేసితిమి. అప్పు తీరలేదు. కాని ఆ లెక్క ఇప్పుడు బాలుని తలమీద లేదు. వాడు బడికి పోవుచున్నాడు. కథ ముగిసిన ఆదివారమున ఆ పెద్ద గారును వెనుక చాపమీద కూర్చుండి వినిరి.

చిన్నపిల్లలకు ఈ కథ వలదు. ఎదిగిన బిడ్డలకైతే పెద్దలు ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. చెప్పిన పిమ్మట ఎటు ఎక్కుదువని అడిగి, వారు చెప్పు జవాబును చివరివరకు వినుడి. బహుశః వారిని ఆ రాట్నము నొద్దకు తోలుచున్నది మన ఇంటి బరువే కావచ్చును.